తొలి నవల: చిత్తుప్రతి నుంచి పాఠకుడి ఇంటిదాకా ఏ పని ఎప్పుడు చేయాలి?

నా మొదటి నవల వచ్చాక ఫోన్ చేసిన కొత్త రచయితలు దాదాపు అందరూ అవే మూడు ప్రశ్నలు అడిగారు: ఎన్ని కాపీలు వేయించాలి, ఎంత ఖర్చవుతుంది, ఎవరు అమ్మిపెడతారు? మూడింటికీ జవాబులు కింద ఉన్నాయి.

వాటికంటే ముందు ఒక సంగతి. నేను ఆవిష్కరణ తేదీ ముందు పెట్టుకుని, హాలు బుక్ చేసి, ఆ తర్వాత ప్రూఫులు (అచ్చుకు ముందు తప్పులు దిద్దుకోవడానికి తీసే పేజీలు) చూశాను. నా పుస్తకంలో దొర్లిన పెద్ద పొరపాట్లన్నీ ఆ తొందరలోంచి వచ్చినవే. అందుకే ఇక్కడ ఏ పని తర్వాత ఏ పని అన్నదానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. 40 వేల పదాల చుట్టూ ఉండే నవలను సొంతంగా గానీ, చిన్న ప్రచురణకర్త ద్వారా గానీ వేసుకునేవాళ్ళకు ఇది పనికొస్తుంది.

1. రాయడానికి ముందు మూడు పట్టికలు

ఒక నోట్‌బుక్ తీసుకుని మూడు భాగాలు చేయండి.

- పాత్రల పట్టిక: పేరు, వయసు, ఊరు, ఎవరికి ఏమవుతారు, ఎవరిని ఏమని పిలుస్తారు.
- కాలం పట్టిక: ఏ సన్నివేశం ఏ నెలలో జరుగుతుంది, అప్పుడు ఎండా వానా, ఏ పండగ దగ్గర్లో ఉంది.
- మాటల పట్టిక: కథ జరిగే చోట మనుషులు వాడే పని మాటలు.

మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. నా నవల గుంటూరు మిర్చి యార్డు చుట్టూ తిరుగుతుంది. పది రోజులు పొద్దున్నే వెళ్ళి అక్కడ కూర్చున్నాను. అక్కడ మిర్చి బస్తాను టిక్కీ అంటారు. రంగు పోయిన కాయను తాలు అంటారు. ఈ మాటలు తెలియకముందు రాసిన రెండు అధ్యాయాలు పక్కన పెట్టి మళ్ళీ రాశాను.

టైపింగ్ మొదటి రోజు నుంచీ యూనికోడ్‌లోనే (ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా తెరుచుకునే తెలుగు అక్షరాల్లో) చేయండి. ఫోన్‌లో చెప్పి టైప్ చేయించినా ఫర్వాలేదు. రోజూ రాత్రి ఆ ఫైల్‌ను మీ మెయిల్‌కు మీరే పంపుకోండి, పేరులో తేదీ ఉండాలి.

2. చిత్తుప్రతి: వెనక్కి చూడకుండా చివరిదాకా

రోజుకు 500 పదాలు రాస్తే 40 వేల పదాలకు 80 రోజులు. ఇంట్లో పెళ్ళిళ్ళు, జ్వరాలు, ఆఫీసు పనులు కలుపుకుని నాలుగైదు నెలలు అనుకోండి.

ఏదైనా వివరం తెలియకపోతే అక్కడ మూడు చుక్కల గుర్తు పెట్టి ముందుకు వెళ్ళండి. ఒకటో అధ్యాయాన్నే పదిసార్లు దిద్దుకుంటూ కూర్చుంటే నవల పూర్తి కాదు.

ఇంకో జాగ్రత్త. అధ్యాయాలను ఎప్పటికప్పుడు ఫేస్‌బుక్‌లో పెట్టకండి. చాలా నవలల పోటీలు ఎక్కడా ప్రచురితం కాని రచనలనే తీసుకుంటాయి. సోషల్ మీడియాలో పెట్టినదాన్ని కూడా ప్రచురితం కిందే లెక్కగట్టే నిబంధన ఉండొచ్చు.

3. తిరగరాత: మూడు దఫాలు, ఒక్కో దఫాకు ఒకటే పని

చిత్తుప్రతి అయ్యాక మూడు వారాలు ముట్టుకోకండి. తర్వాత ప్రింట్ తీసి కాగితం మీద చదవండి. తెర మీద కనబడని తప్పులు కాగితం మీద కనబడతాయి.

మొదటి దఫా కథకు. ఒక్కో అధ్యాయంలో ఏం జరిగిందో ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే ఆ అధ్యాయంలో ఏమీ జరగలేదన్నమాట. నా 31 అధ్యాయాల్లో నాలుగు అలా తీసేశాను. తీసేశాక, ముందుగా చదివినవాళ్ళలో ఒక్కరు కూడా ఏదో తక్కువైందని అనలేదు.

రెండో దఫా మాటలకు. సంభాషణలన్నీ పైకి చదవండి. మాండలికంలో రాస్తుంటే ఒకే మనిషి ఒకచోట ‘వస్తడు’ అని, ఇంకోచోట కారణం లేకుండా ‘వస్తాడు’ అని అనకూడదు. కథనం ఏ భాషలో, పాత్రలు ఏ భాషలో అన్నది ముందే తేల్చుకుని చివరిదాకా దానికే కట్టుబడండి.

మూడో దఫా అక్షరాలకు. ‘వాళ్ళు’ రాస్తారా ‘వాళ్లు’ రాస్తారా? ‘పెళ్ళి’యా ‘పెళ్లి’యా? రెండూ వాడుకలో ఉన్నవే, మీ పుస్తకంలో మాత్రం ఒకటే ఉండాలి. ఇలాంటి 20, 30 మాటల జాబితా రాసుకోండి. డీటీపీ (కంప్యూటర్‌లో పుస్తకం పేజీలు కూర్చడం) చేసేవాళ్ళకూ, ప్రూఫు చూసేవాళ్ళకూ ఇదే జాబితా ఇవ్వాలి.

ఈ మూడో దఫాను నేను రెండు రోజుల్లో ముగించాను. పుస్తకం వచ్చిన నెలకు కొత్తగూడెం నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. ‘బాగా రాశావమ్మా. కానీ ఈ పిల్ల తల్లి 14వ పేజీలో సీతమ్మ, 112వ పేజీలో రత్తమ్మ. ఇద్దరు తల్లులా అని వెనక్కి వెళ్ళి వెతుక్కున్నా’ అన్నారు. నేను మధ్యలో పేరు మార్చాను, ఒక్కచోట పాతది మిగిలిపోయింది. ఆయన అంత శ్రద్ధగా చదివినందుకు సంతోషం వేసింది, ఆయన్ని కథలోంచి బయటికి లాగేసినందుకు ఇప్పటికీ బాధగా ఉంది. పాత్రల పట్టికలోని ప్రతి పేరునూ, మార్చిన పాత పేర్లను కూడా, ఫైల్‌లో వెతికి చూడండి. గంట పని.

4. ముందుగా ఐదుగురితో చదివించడం

ఐదుగురు చాలు: నవలలు బాగా చదివే ఇద్దరు, భాష మీద పట్టున్న ఒకరు, మీరెవరో తెలియని ఒకరు, మీ కథలోని జీవితం గడిపిన ఒకరు. ‘ఎలా ఉంది’ అని అడిగితే ‘బాగుంది’ అంటారు. ఇలా అడగండి:

- ఎక్కడ చదవడం ఆపి పుస్తకం పక్కన పెట్టారు?
- ఎవరు ఎవరో ఎక్కడ తికమకపడ్డారు?
- ఏ మాట ఆ మనిషి అనదు అనిపించింది?

మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్ళే ఒక పిన్నికి నేను రెండు అధ్యాయాలు చదివి వినిపించాను. నా కథలో అమ్మాయి చేతులు మండి కుళాయి కింద పెడుతుంది. పిన్ని వెంటనే ఆపింది. ‘నీళ్ళు పోస్తే తగ్గదు అమ్మాయీ. మేం నూనె రాసుకుంటాం’ అంది. కుళాయి పోయి, ఆ చోట చిన్న కొబ్బరినూనె సీసా వచ్చింది. ఆ తర్వాత నాకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది ప్రస్తావించినది ఆ సీసా గురించే.

5. ఏ దారిలో అచ్చు వేయించాలి?

మూడు దారులున్నాయి. ఒకటి, పోటీకో పత్రికకో పంపడం. తానా, ఆటా వంటి అమెరికా తెలుగు సంఘాలు నవలల పోటీలు పెడుతుంటాయి. ప్రకటన వచ్చినప్పుడు నిబంధనలు ఆసాంతం చదవండి, బహుమతి వస్తే ప్రచురణ హక్కులు ఎవరివన్నది మరీ ముఖ్యం. మీకు 35 ఏళ్ళు దాటకపోతే సాహిత్య అకాడెమీ యువ పురస్కారం ప్రకటన మీద కూడా కన్నేసి ఉంచండి.

రెండోది ప్రచురణకర్త, మూడోది సొంత ప్రచురణ. ప్రచురణకర్త దొరికితే కాగితం మీద ఒప్పందం రాసుకోండి, స్నేహితుడైనా సరే. కాపీరైట్ చట్టం (1957) ప్రకారం రచన పూర్తయిన క్షణం నుంచే హక్కు మీది, రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు. హక్కులు బదిలీ చేసే ఒప్పందంలో కాలం రాయకపోతే ఐదేళ్ళుగానూ, ప్రాంతం రాయకపోతే భారతదేశంగానూ తీసుకుంటారు.

సంతకం పెట్టే ముందు చూడాల్సినవి:

- ఎన్ని ప్రతులు, ఎన్నేళ్ళు.
- రాయల్టీ (అమ్మకాల్లో రచయితకు వచ్చే వాటా) ఎంత శాతం, ముద్రించిన ధర మీదా, వచ్చిన డబ్బు మీదా.
- లెక్క ఎప్పుడు చెబుతారు, డబ్బు ఎప్పుడిస్తారు.
- ఈబుక్, ఆడియో, అనువాదం, సినిమా హక్కులు విడిగా మీ దగ్గరే ఉన్నాయా.
- మీకు ఉచిత ప్రతులు ఎన్ని, మీరు కొనుక్కుంటే ఏ ధర.

డబ్బు మీ దగ్గరే తీసుకుని హక్కులు కూడా రాసిమ్మంటే ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. నవలలో సినిమా పాట చరణాలు వాడి ఉంటే అనుమతి తీసుకోండి, లేదంటే తీసేయండి.

6. డీటీపీ, ప్రూఫులు: పుస్తకం చెడిపోయేదీ బాగుపడేదీ ఇక్కడే

మన ప్రెస్సుల్లో ఇప్పటికీ చాలాచోట్ల అను ఫాంట్లతో (యూనికోడ్ కాని పాత తెలుగు అక్షరాలు) పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో పని జరుగుతుంది. మీరు యూనికోడ్‌లో ఇచ్చిన ఫైల్‌ను వాళ్ళు అనులోకి మారుస్తారు. ఆ మార్పిడిలో కొన్ని అక్షరాలు చెదురుతాయి. మూడు హల్లులు కలిసే చోట్లు (స్త్రీ, రాష్ట్రం, మత్స్య), కొటేషన్ గుర్తులు, అంకెలు, మధ్యలో వచ్చే ఇంగ్లీషు అక్షరాలు ముందుగా చూసుకోండి.

పేజీలు కూర్చే కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో యూనికోడ్‌తోనే చేయించుకోగలిగితే ఇంకా మంచిది. అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఆన్ చేయాలి, లేకపోతే వత్తులు విడిపోతాయి. తర్వాత ఈబుక్ చేయాలన్నా, రెండో ముద్రణకు దిద్దాలన్నా యూనికోడ్ ఫైలే అక్కరకొస్తుంది. యూనికోడ్‌లో ఒక చిక్కు ఉంది: పొల్లు తర్వాత కనబడని విరుపు గుర్తు పడకపోతే ‘సాఫ్ట్‌వేర్’ కాస్తా ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది. ఇంగ్లీషు మాటలు ఎక్కువున్న నవలైతే వాటిని విడిగా వెతకాలి.

ప్రూఫులు మూడుసార్లు చూడాలి, మూడూ కాగితం మీదే.

- మొదటి ప్రూఫు: ఒకరు రాతప్రతి పైకి చదువుతుంటే మరొకరు ప్రూఫులో గీత పెట్టుకుంటూ పోవాలి. ఎగిరిపోయిన పేరాలు ఇందులోనే దొరుకుతాయి.
- రెండో ప్రూఫు: చివరి అధ్యాయంతో మొదలుపెట్టి ఒకటో అధ్యాయం దాకా వెనక్కి చదవండి. అలా చదివితే కథ మిమ్మల్ని లాక్కుపోదు, కళ్ళు అక్షరాల మీద నిలబడతాయి.
- మూడో ప్రూఫు: మీరు రాసిన దిద్దుబాట్లు ఎక్కాయా, ఒకటి దిద్దబోయి పక్కది చెడిందా అన్నది మాత్రమే.

ఇక కథ కాని పేజీలు. నేను కథంతా మూడుసార్లు చదివాను గానీ, వివరాల పేజీలో ‘ప్రతులకు’ అన్న మాట కింద ఉన్న నా ఫోన్ నంబర్ చదవలేదు. ఒక అంకె తప్పు పడింది. వెయ్యి కాపీలు బైండింగ్ అయి వచ్చాక తెలిసింది. ఆవిష్కరణకు ముందు రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని చిన్న స్టిక్కర్ల మీద సరైన నంబర్ వేసి అతికించాం. తెల్లవారుజాము నాలుగు దాకా పట్టింది. ఆవిష్కరణ తేదీ ఇంకో పది రోజులు ఆలస్యంగా పెట్టుకుని ఉంటే ఆ పేజీ చూడటానికి నాకు తీరిక ఉండేది.

అచ్చుకు ముందు చివరి తనిఖీ:

- అట్ట మీద, వెన్ను మీద, లోపలి పేజీలో పుస్తకం పేరు ఒకేలా ఉందా?
- ‘ప్రతులకు’ కింది నంబర్‌కు ఫోన్ చేసి చూశారా?
- ముద్రణ నెల, సంవత్సరం, ధర, ప్రచురణ పేరు, ప్రెస్ పేరు ఉన్నాయా?
- అధ్యాయాల వరుస, పేజీల నంబర్లు సరిపోయాయా?
- ముందుమాట రాసినవారి పేరు తప్పు లేకుండా పడిందా?

7. పేజీలు, కాగితం, కాపీలు, ధర

నవలకు డెమ్మీ 1/8 సైజు, అంటే ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు, చేతిలో ఇముడుతుంది. మామూలు అక్షరం సైజులో పేజీకి 230, 240 పదాలు పడతాయి. 40 వేల పదాలు దాదాపు 170 పేజీలు.

ప్రెస్సులో లెక్క 16 పేజీల ఫారాల్లో ఉంటుంది. 176 పేజీలంటే సరిగ్గా 11 ఫారాలు. 178 వచ్చిందంటే ఇంకో ఫారం మొదలైనట్టే. రెండు పేజీలు ఎలా తగ్గుతాయో డీటీపీ దశలోనే చూసుకోండి.

70 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం 70 గ్రాములు తూగేది) మ్యాప్‌లితో రకం కాగితం నవలకు సరిపోతుంది. మరీ తెల్లనిది కాకుండా కొంచెం పసుపు ఛాయ ఉన్న నేచురల్ షేడ్ అడగండి, కంటికి హాయిగా ఉంటుంది. 176 పేజీల పుస్తకం దాదాపు 200 గ్రాములు తూగుతుంది. ఈ అంకె గుర్తుంచుకోండి, పోస్టు దగ్గర మళ్ళీ వస్తుంది.

కాపీలు: మొదటిసారి 300 నుంచి 500. వెయ్యి వేస్తే ఒక్కో కాపీ ఖర్చు తగ్గుతుందని ప్రెస్సువాళ్ళు చెబుతారు, అది నిజమే. కానీ అమ్ముడుపోని 500 కాపీలు మంచం కింద తేమ పట్టి పాడైతే ఆ తగ్గింపు ఎక్కడికి పోయినట్టు?

ధరకు నమూనా లెక్క చూడండి. అన్ని ఖర్చులూ కలిపి 500 కాపీలకు 45,000 రూపాయలు అయ్యాయనుకుందాం. కాపీ 90 పడింది. సమీక్షలకు, ముందుగా చదివినవాళ్ళకు, గ్రంథాలయాలకు 60 కాపీలు పోతాయి. మిగిలిన 440 కాపీలే ఈ ఖర్చంతా మోయాలి, అంటే కాపీకి 102 దాటింది. ధర 200 పెట్టి పుస్తకాల షాపుకు 40 శాతం కమిషన్ ఇస్తే మీ చేతికి 120. ధర 150 పెడితే చేతికొచ్చేది 90, ప్రతి కాపీకీ నష్టమే. మీ ప్రెస్సు ఇచ్చిన కొటేషన్‌తో ఈ లెక్క వేశాకే అట్ట మీద ధర వేయించండి.

8. ఐఎస్‌బీఎన్, గ్రంథాలయాల ప్రతులు

ఐఎస్‌బీఎన్, అంటే ఒక్కో పుస్తకాన్ని గుర్తుపట్టే అంతర్జాతీయ నంబర్, మన దేశంలో ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. సొంతంగా వేసుకునే రచయిత కూడా పెట్టుకోవచ్చు. డీటీపీ మొదలైన రోజే దరఖాస్తు చేయండి. అచ్చు పుస్తకానికీ ఈబుక్‌కూ నంబర్లు వేరు.

సొంత ప్రచురణ అయితే చట్టం దృష్టిలో ప్రచురణకర్త మీరే. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతాలోని నేషనల్ లైబ్రరీకి ఒక ప్రతి, చెన్నై కన్నెమరా, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి సొంత ఖర్చుతో పంపాలి. ఈ నాలుగూ పంపండి. మీ ఇంట్లో ఒక్క కాపీ మిగలని రోజున కూడా పుస్తకం అక్కడ భద్రంగా ఉంటుంది.

9. ఆవిష్కరణ తేదీ ఇప్పుడు పెట్టండి

కాపీలు ఇంటికొచ్చి, పది కాపీలు అటూ ఇటూ తిరగేసి, పేజీలు తలకిందులు కాలేదని చూశాక తేదీ పెట్టండి. అప్పటినుంచి మూడు వారాల గడువు చాలు.

వక్తలు ముగ్గురు మించొద్దు, ముగ్గురూ నవల చదివినవాళ్ళే కావాలి. పుస్తకం 15 రోజుల ముందే వాళ్ళ చేతికివ్వండి. సన్మానాలు, శాలువాలు తగ్గించి పది నిమిషాలు నవల్లోంచి చదవండి. వచ్చినవాళ్ళు పుస్తకం కొనేది ఆ చదివిన పేజీలు విని. తలుపు దగ్గర ఒక బల్ల, చిల్లర, యూపీఐ కోడ్, లెక్క రాసే మనిషి ఉండాలి. ఆ మనిషి మీరు కాకూడదు.

10. అమ్మకం: ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళాల్సిందే

మొదటి వంద కాపీలు మీకు తెలిసినవాళ్ళే కొంటారు. ‘నా పుస్తకం వచ్చింది, ఆదరించండి’ అని గ్రూపుల్లో పెడితే నమస్కారాల బొమ్మలు వస్తాయి, ఆర్డర్లు రావు. ఒక్కొక్కరికీ విడిగా, పేరు పెట్టి రాయండి. నేను పంపిన మెసేజ్ ఇది:

‘సుజాత గారూ, మిర్చి యార్డులో పనిచేసే ఒక తల్లీకూతుళ్ళ కథ నవలగా రాశాను. మీ అమ్మగారిది గుంటూరే కదా, ఆవిడకు నచ్చుతుందని అనిపించింది. 176 పేజీలు, పోస్టుతో కలిపి 220 రూపాయలు. కావాలంటే అడ్రస్ పంపండి.’

కథ ఏమిటో, వాళ్ళకే ఎందుకు రాశానో, ఎంతో, ఏం చేయాలో నాలుగూ ఉన్నాయి. రోజుకు పదిమందికి పంపాను. అడ్రస్ పంపనివాళ్ళను రెండోసారి అడగలేదు.

షాపులు: హైదరాబాద్ కాచిగూడలోని నవోదయ లాంటి చోట్లకు స్వయంగా వెళ్ళండి. పది, పదిహేను కాపీలు ఇచ్చి రసీదు తీసుకోండి, మూడు నెలలకోసారి ఫోన్ చేసి లెక్క అడగండి. అడగడానికి మొహమాటపడితే నష్టపోయేది మీరే.

పుస్తక ప్రదర్శనలు: హైదరాబాద్‌లో సాధారణంగా డిసెంబర్‌లో, విజయవాడలో జనవరి మొదట్లో జరుగుతాయి. ఒక్క పుస్తకానికి స్టాలు అద్దె గిట్టదు. నలుగురైదుగురు కొత్త రచయితలు కలిసి తీసుకోండి, లేదా తెలిసిన ప్రచురణకర్త స్టాల్లో పెట్టించండి. అందుకోసం పుస్తకం అక్టోబర్ కల్లా చేతిలో ఉండేలా చూసుకోవాలి.

సమీక్షలు: పత్రికల సాహిత్య పేజీలకు, ఆదివారం అనుబంధాలకు రెండేసి ప్రతులు, అర పేజీ పరిచయం పంపండి. ఒకసారి గుర్తు చేయొచ్చు, అంతకు మించి వద్దు. పాఠకులు రాసిన నాలుగు వాక్యాలను వాళ్ళ అనుమతితో మీ పేజీలో పెట్టండి, సమీక్షకు తీసిపోవు.

అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉన్నవాళ్ళు అడిగితే పోస్టు ఖర్చు పుస్తకం ధరను మించిపోతుంది. వాళ్ళ ఊరి నుంచి ఎవరైనా వచ్చి వెళ్తుంటే ఐదారు కాపీలు ఒకేసారి ఇచ్చి పంపండి. ఎంత బతిమాలినా వాట్సాప్‌లో పీడీఎఫ్ మాత్రం పంపకండి. అది ఒక్కరి దగ్గర ఆగదు.

11. పోస్టు, లెక్కల నోట్‌బుక్

తపాలా శాఖ 2025 మే 1 నుంచి పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ నడుపుతోంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోల దాకా 100 రూపాయలు, పన్ను అదనం. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ముద్రాపకుడి పేరో ఉండాలి. 176 పేజీల పుస్తకం ప్యాకింగ్‌తో కూడా 300 గ్రాముల్లోపే ఉంటుంది. 240 పేజీలైతే దాటిపోవచ్చు. రోడ్డు, రైలు మార్గాన వెళ్తుంది కాబట్టి కొన్ని రోజులు ఆలస్యమవుతుంది, పాఠకుడికి ముందే చెప్పండి.

నోట్‌బుక్‌లో ఆరు గడులు గీయండి: తేదీ, పేరు, ఊరు, డబ్బు వచ్చిందా, ట్రాకింగ్ నంబర్, అందిందా. చివరి గడి నిండాలంటే మీరే ఫోన్ చేయాలి. ‘అందిందా అండీ’ అని అడిగిన ఫోన్ల వల్లే నాకు సగం మంది పాఠకులు పరిచయమయ్యారు, వాళ్ళ ద్వారా మళ్ళీ ఆర్డర్లు వచ్చాయి.

ఆ నోట్‌బుక్ వెనక పేజీల్లో, పాఠకులు చూపిన ప్రతి తప్పునూ పేజీ, వాక్యం, చెప్పినవారి పేరుతో రాసుకోండి. నా జాబితాలో 43 ఉన్నాయి, మొదటిది 112వ పేజీ రత్తమ్మ. రెండో ముద్రణకు ఫైల్ తెరిచినప్పుడు ముందు దిద్దింది దాన్నే. మొదటి కాపీ కొత్తగూడెం పంపాను.